పసివాళ్ల ప్రవర్తనకు పరీక్షలు: దొరికేదెవరు, జారిపోయేదెవరు

రెండేళ్ల పిల్లవాడు అడిగింది ఇవ్వకపోతే నేలమీద పడి దొర్లుతాడు. పక్కింటి పిల్లను కొరుకుతాడు. ముద్ద నోటిదాకా తెస్తే మొహం తిప్పేసుకుంటాడు, రాత్రి ఎంత జోకొట్టినా కన్ను మూయడు. ఇంట్లో పెద్దవాళ్లు "ఈ వయసులో అందరూ ఇంతే, వాళ్ల నాన్నా ఇలాగే చేసేవాడు" అంటారు. చాలాసార్లు ఆ మాట నిజమే. కెనడాలోని క్విబెక్‌లో రిచర్డ్ ట్రెంబ్లే బృందం పిల్లల్ని ఏళ్లతరబడి గమనించి తేల్చింది కూడా దాదాపు అదే. కొట్టడం, కొరకడం, తోసెయ్యడం రెండు నుంచి నాలుగేళ్ల మధ్య బాగా పెరిగి, ఆపైన చాలామందిలో వాటంతటవే తగ్గుముఖం పడతాయి. కానీ అందరిలోనూ తగ్గవు. ఎవరిలో తగ్గవో అంత చిన్న వయసులోనే చెప్పగలమా? చెప్పగలిగితే ఆ తర్వాత ఏం చేస్తాం? పిల్లల వైద్యులూ మనస్తత్వ నిపుణులూ మూడు దశాబ్దాలుగా ఈ రెండు ప్రశ్నలమీద పనిచేస్తున్నారు. మొదటిదానికి సగం జవాబు దొరికింది. రెండోదాన్ని మాత్రం చాలా దేశాలు గట్టిగా పట్టించుకోలేదు. అసలు చిక్కు అక్కడే ఉందని నా నమ్మకం.

అంత పసివాళ్లకు మనసు సమస్యలేమిటని అనుకునేవాళ్లు ఇప్పటికీ ఎక్కువే. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్ ప్రాంతంలో 2000 సంవత్సరంలో పుట్టిన పిల్లల్లో కొందరిని ఏడాదిన్నర వయసులో నిపుణులు దగ్గర కూర్చుని పరీక్షించారు. 16 నుంచి 18 శాతం మందిలో పట్టించుకోవలసిన ఇబ్బంది కనిపించింది. కొందరికి నిద్ర, కొందరికి తిండి, కొందరికి ఎదుగుదల, మరికొందరికి తల్లీబిడ్డల అనుబంధంలోనే ఏదో తేడా. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం న్యూహేవెన్ చుట్టుపక్కల మార్గరెట్ బ్రిగ్స్‌-గోవన్, ఆలిస్ కార్టర్ చేసిన అధ్యయనం ఇంకో మెట్టు ఎక్కింది. ఒకటి రెండేళ్ల వయసులో సమస్యలు బాగా ఎక్కువగా ఉన్నాయని తల్లిదండ్రులు చెప్పిన పిల్లల్ని ఏడాది తర్వాత మళ్లీ చూస్తే, దాదాపు సగం మందిలో అవి అలాగే ఉన్నాయి. 2006లో వెలువడిన ఈ ఫలితాన్ని రెండువైపుల నుంచీ చదవాలి. పెద్దవాళ్ల మాట సగం మంది విషయంలో నిలబడింది. మిగతా సగం మంది విషయంలో తప్పింది. ఆ సగం మంది ఎవరో ముందే తెలియదు కాబట్టి ఒక్కసారి అడిగి ఊరుకుంటే చాలదు. కొంత వ్యవధి ఇచ్చి మళ్లీ అడగాలి.

బ్రిగ్స్‌-గోవన్, కార్టర్ ఇద్దరే 2004లో బిట్సియా అనే చిన్న ప్రశ్నాపత్రాన్ని ప్రచురించారు. ఏడాది నుంచి మూడేళ్లలోపు పిల్లల కోసం తయారైనది ఇది. ప్రశ్నలు 42, తల్లో తండ్రో పది నిమిషాల్లో నింపెయ్యవచ్చు. నాకు ఇందులో నచ్చినది ప్రశ్నల పొందిక. 31 ప్రశ్నలు ఇబ్బందుల గురించి అడుగుతాయి: భయాలు, దిగులు, కోపం, దెబ్బలాట, నిద్ర, తిండి. మిగతా 11 బిడ్డకు ఏం చేతనవునో అడుగుతాయి: ఎవరైనా ఏడిస్తే దగ్గరికి వెళ్తుందా, కొత్త వస్తువు చూస్తే అమ్మకు చూపిస్తుందా, చెప్పినమాట కాసేపైనా వింటుందా. పేచీ పెట్టే పిల్లలు కోకొల్లలు. పేచీ పెడుతూనే, ఏడుపు ఆగాక అమ్మ ఒళ్లో చేరి సర్దుకునే పిల్లకూ, ఎంత ఓదార్చినా ఓదార్పు అందని పిల్లకూ చాలా తేడా ఉంది. ఆ తేడా ఇబ్బందుల జాబితా ఒక్కటే చూస్తే తెలియదు. ఈ ప్రశ్నాపత్రంతో చూసిన పిల్లల్ని బడికి వెళ్లే వయసు వచ్చాక మళ్లీ పరిశీలించినప్పుడు, మానసిక సమస్యలున్నట్టు తేలినవారిలో ఎక్కువమంది పసితనంలోనే ఇందులో పట్టుబడినవారు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో జేన్ స్క్వైర్స్, డయాన్ బ్రికర్ తయారుచేసిన ప్రశ్నావళి నెల వయసు నుంచి ఆరేళ్లదాకా వాడుకలో ఉంది. బ్రిటన్‌లో రాబర్ట్ గుడ్‌మన్ 1997లో ఇచ్చిన 25 ప్రశ్నల పత్రానికి రెండేళ్ల పిల్లల రూపమూ ఉంది. టఫ్ట్స్ వైద్యకేంద్రంవారు తమ 18 ప్రశ్నల పత్రాన్ని ఎవరైనా డబ్బు కట్టకుండా వాడుకోవచ్చన్నారు. మనలాంటి దేశానికి అది చిన్న విషయం కాదు. వీటిలో ఏది మేలన్న చర్చ పత్రికల్లో చాలా సాగింది. నా మట్టుకు ఆ చర్చ అంత ముఖ్యం కాదు. అన్నీ ఇంచుమించు ఒకే కోవకు చెందినవి, అన్నింటికీ ఒకే హద్దు ఉంది.

ఆ హద్దేమిటో చిన్న లెక్క వేస్తే బోధపడుతుంది. వెయ్యిమంది పిల్లలున్నారనుకుందాం. వారిలో వందమందికి నిజంగా సమస్య ఉందనుకుందాం. మన ప్రశ్నాపత్రం సమస్య ఉన్నవారిలో నూటికి ఎనభైమందిని పట్టుకుంటుంది, లేనివారిలో నూటికి ఎనభైమందిని సరిగ్గా వదిలేస్తుంది. వినడానికి మంచి పరీక్షే. లెక్క కడితే, పట్టుకున్నవారిలో 80 మందికి నిజంగా సమస్య ఉంటుంది, 180 మందికి ఉండదు. అంటే భయపడి పెద్దాసుపత్రికి పరుగెత్తిన ముగ్గురు తల్లుల్లో ఇద్దరిది అనవసరమైన కలత. ఇంకా అరుదైన సమస్య తీసుకుని, వెయ్యిలో పదిమందికే ఉందనుకుంటే, దొరికే నిజమైన కేసులు 8, పొరపాటున దొరికేవి 198. ఇది ప్రశ్నలు రాసినవాళ్ల లోపం కాదు. అరుదైనదాన్ని జల్లెడ పట్టబోతే మట్టీ రాళ్లూ ఎక్కువ రావడం సహజం. అందుకే మొదటి వడపోత తర్వాత రెండోది తప్పనిసరి.

ఆటిజం చరిత్ర ఈ మాటకు సాక్ష్యం. 1990లలో ఇంగ్లండులో సైమన్ బారన్‌-కోహెన్ బృందం ఏడాదిన్నర పిల్లల కోసం ఒక చిన్న పరీక్ష తయారుచేసింది. చూసినవి ముఖ్యంగా మూడు: బిడ్డ ఏదైనా ఆసక్తిగా ఉంటే వేలితో చూపించి పంచుకుంటాడా, ఎదుటివాళ్లు చూసినవైపు తానూ చూస్తాడా, ఖాళీ గిన్నెతో వంట వండినట్టు ఉత్తుత్తి ఆట ఆడతాడా. 16,235 మంది పిల్లలకు ఈ పరీక్ష చేసి ఆరేళ్లు వేచిచూశారు. 2000లో వచ్చిన ఫలితం ఆలోచనలో పడేసింది. ఆటిజం లేని పిల్లల్ని ఉందని అనుమానించడం అరుదే, కానీ ఉన్నవాళ్లలో దొరికింది నూటికి 38 మంది. తక్కినవారు ఏడాదిన్నరకు ఏ తేడా లేనట్టే కనిపించి జారిపోయారు.

దాన్ని సరిదిద్దడానికి అమెరికాలో డయానా రాబిన్స్, డెబొరా ఫైన్, మరియాన్ బార్టన్ ఎం-చాట్ అనే ప్రశ్నాపత్రం రాశారు. 16 నుంచి 30 నెలల పిల్లలకు ఉద్దేశించిన దీని సవరించిన రూపంలో ప్రశ్నలు 20. సందేహం వచ్చినవారితో మళ్లీ మాట్లాడి ఒక్కో జవాబునూ విడమర్చి అడగడం ఇందులో రెండో మెట్టు. 2014లో 16,071 మందిమీద చేసిన పరిశీలనలో రెండు మెట్ల తర్వాతా అనుమానం మిగిలినవారిలో 47.5 శాతం మందికి ఆటిజం తేలింది. ఇంకా విలువైన సంగతేమిటంటే, నూటికి 95 మందికి ఏదో ఒక ఎదుగుదల ఇబ్బంది ఉండనే ఉంది. రెండోసారి ఓపికగా మాట్లాడినందువల్ల వచ్చిన ఫలం అది.

పరిశోధన గదిలో వచ్చిన ఈ ఫలం రోజువారీ క్లినిక్‌లో వస్తుందా? ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రివారు తమ క్లినిక్‌లకు వచ్చిన దాదాపు 26 వేలమందిని పరిశీలించి 2019లో చెప్పిన లెక్క వేరు. ఆటిజం ఉన్నవారిలో దొరికింది 38.8 శాతం. అనుమానం వచ్చినవారిలో ఆటిజం నిజమైంది 14.6 శాతం. రెండో విడత ప్రశ్నలు చాలామందికి అడగనేలేదు. పేదవాళ్లు, ఇంగ్లీషు రానివాళ్లు పరీక్ష దాకా రావడమే తక్కువ. ప్రశ్నాపత్రం మారలేదు, అడిగేవాళ్లకు తీరిక లేకపోయింది. ఏ పరీక్షనైనా మన ఊళ్లలోకి తెచ్చేముందు ఆరోగ్యశాఖవారు ఈ ఒక్క అధ్యయనం తప్పక చదవాలి.

ఇన్ని భిన్నమైన లెక్కలున్నప్పుడు దేశాలు ఒక్కమాటమీదికి రాకపోవడంలో వింత లేదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 9, 18, 30 నెలలకు ఎదుగుదల పరీక్ష, 18, 24 నెలలకు ఆటిజం పరీక్ష పిల్లలందరికీ చెయ్యమంటుంది. అదే దేశంలో నివారణ సేవల కార్యదళం 2016లో, తల్లిదండ్రులకు ఏ అనుమానమూ లేని పిల్లలకు ఆటిజం పరీక్ష చెయ్యాలనడానికీ వద్దనడానికీ ఆధారాలు చాలవంది. కెనడా కార్యదళం అదే ఏడాది ఇంకా గట్టిగా చెప్పింది: ఏ లక్షణమూ కనిపించని ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లలకు ఎదుగుదల పరీక్ష మూకుమ్మడిగా వద్దంది. ఈ సంఘాలు ఒకదానినొకటి ఖండించుకున్నట్టు కనిపిస్తాయి గానీ, అన్నీ ఒక విషయంలో ఏకీభవిస్తాయి. తల్లికి అనుమానం వచ్చిన పిల్లను మాత్రం వెంటనే చూడాలి. ఆ పిల్ల విషయంలో ఆధారాలు చాలవన్న ప్రసక్తే లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం విల్సన్, యుంగ్నర్ 1968లో రాసిన సూత్రాల్లో ఒకటి ఇక్కడ గుర్తుచేసుకోవాలి. రోగాన్ని వెతికి పట్టుకునేముందు, పట్టుకున్నవారికి చెయ్యగల చికిత్స, చేసే చోటు ఉండాలి. పసివాళ్ల విషయంలో చెయ్యగలిగింది ఉందా?

ఉంది. బ్రిటన్‌లో 2021లో వెలువడిన ఒక ప్రయోగంలో ఒకటి నుంచి మూడేళ్ల పిల్లల్లో ప్రవర్తన సమస్యలు ఎక్కువగా ఉన్న ఐదోవంతు మందిని ప్రశ్నాపత్రంతోనే ఎంచుకున్నారు. 300 కుటుంబాల్లో సగం మంది ఇళ్లకు ఆరోగ్య కార్యకర్త ఆరుసార్లు వెళ్లారు. తల్లీబిడ్డలు ఆడుకుంటుంటే వీడియో తీసి, తర్వాత ఆ వీడియోనే తల్లికి చూపించి, బిడ్డ ఏ క్షణంలో ఏం అడుగుతున్నాడో, ఆమె ఎక్కడ బాగా అందుకుందో మాట్లాడుకున్నారు. మందులు లేవు, మందలింపులు లేవు. ఐదు నెలల తర్వాత ఆ పిల్లల ప్రవర్తన సమస్యలు మామూలు సేవలు పొందినవారికన్నా తగ్గాయి. తల్లికి ఆమె చేసిన తప్పు కాకుండా ఒప్పు చూపించడం ఇందులో నన్ను కదిలించింది. మన దగ్గర పిల్లవాడు మొండికేస్తే అందరి వేలూ తల్లివైపే లేస్తుంది.

నిపుణులు లేనిచోట ఇది సాగదని అనడానికి వీల్లేదు. గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ ఆటిజం ఉన్న 65 మంది పిల్లల తల్లిదండ్రులతో చేసిన ప్రయోగంలో, నిపుణులు కాని ఆరోగ్య కార్యకర్తలే శిక్షణ పొంది ఈ పని చేశారు. 2016లో వచ్చిన ఫలితాల ప్రకారం తల్లిదండ్రులు బిడ్డకు తగ్గట్టు స్పందించడం, బిడ్డ తనంతట తాను పలకరించడం రెండూ మెరుగుపడ్డాయి. జమైకాలోని కింగ్‌స్టన్‌లో ఇంకా పాత కథ ఉంది. సాలీ గ్రంథమ్‌-మెక్‌గ్రెగర్ బృందం ఎదుగుదల కుంటుపడిన 129 మంది పసివాళ్లను తీసుకుని, వారిలో కొందరి ఇళ్లకు వారం వారం సహాయకులను పంపింది. రెండేళ్లపాటు వాళ్లు అమ్మలకు ఆటలు నేర్పారు. ఆ పిల్లలకు 22 ఏళ్లు వచ్చాక చూస్తే, సహాయకులు వెళ్లనివారికన్నా దిగులు లక్షణాలు, తీవ్రమైన హింస తక్కువ, సంపాదన దాదాపు 25 శాతం ఎక్కువ. అక్కడ ఎవరి ప్రవర్తననూ ముందుగా పరీక్షించలేదు, ఏ పేరూ పెట్టలేదు. కొన్ని రకాల సాయం పేరు పెట్టకుండానే చెయ్యవచ్చని ఆ అనుభవం చెబుతుంది.

మన సంగతికి వద్దాం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు వచ్చి పిల్లల్ని చూడాలి. చూడవలసిన ముప్పై స్థితుల్లో పుట్టుకతో వచ్చే లోపాలు, పోషకాహార లోపాలు, ఎదుగుదల ఆలస్యాలతోపాటు ఆటిజం కూడా ఉంది. అనుమానం వచ్చినవారిని జిల్లా ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్‌కు (డీఈఐసీ) పంపుతారు. కాగితంమీద ఇది చాలా దేశాలకు లేని ఏర్పాటు. కానీ బిడ్డ భయం, దిగులు, అదుపులేని కోపం, నిద్రలేమి ఆ జాబితాలో విడిగా లేవు. దేశంలో ఐదుచోట్ల 2 నుంచి 9 ఏళ్ల పిల్లల్ని 3,964 మందిని పరీక్షించి 2018లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో హైదరాబాద్ కూడా ఒకటి. చూపు, వినికిడి, మూర్ఛ, మాట, ఆటిజం వంటి సమస్యలు ఎనిమిదిమందిలో సుమారు ఒకరికి ఉన్నట్టు తేలింది. అందులోనూ పసివాళ్ల భావోద్వేగాల లెక్క లేదు. లెక్కలోకి రానిదానికి నిధులూ రావు.

పరీక్ష చెయ్యడానికి ఇక్కడ మరో చిక్కుంది. జవాబు చెప్పేదెవరు? పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో తల్లిదండ్రులు వలసపోతే బిడ్డ అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో పెరుగుతాడు. బిడ్డ రాత్రి ఎందుకు ఉలిక్కిపడి లేస్తున్నాడో ఆమెకే తెలుసు, కాగితం చదవడం ఆమెకు రాకపోవచ్చు. ఏజెన్సీ ఊళ్లలో ఇంటిమాట కోయో గోండీయో సవరో అయితే తెలుగు ప్రశ్నాపత్రం కూడా పరాయిదే. కాగితం చేతికివ్వడం కన్నా కూర్చుని మాట్లాడించడమే ఇలాంటిచోట పనికొస్తుంది. తల్లి మనసు బాగాలేకపోతే ఆమె జవాబులూ మారతాయి, బిడ్డ ప్రవర్తనా మారుతుంది. అందుకే బిడ్డ గురించి అడిగినరోజే తల్లి గురించీ అడగాలి. 1987 నుంచి ఎడిన్‌బరో పేరుతో వాడుకలో ఉన్న పది ప్రశ్నల పత్రం అందుకు పనికొస్తుంది.

శరీరాన్నీ మరవకూడదు. పిలిస్తే పలకని బిడ్డకు ముందు చెవి పరీక్ష జరగాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల్లో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం. ఇనుము తక్కువైన పసివాళ్లు బెరుకుగా, ఆటలో కలవకుండా, తల్లిని అంటిపెట్టుకుని ఉంటారని బెట్సీ లోజాఫ్ కోస్టారికాలో చూసి రాశారు. మన దగ్గర నెమ్మదస్తుడని మెచ్చుకునే పిల్లల్లో రక్తం తక్కువైనవారెందరో ఎవరైనా చూశారా? అల్లరి పిల్లవాడిమీద ఎలాగూ అందరి కళ్లూ పడతాయి. ఎప్పుడూ ఏడవని, ఏదీ అడగని, మూల కూర్చునే పిల్ల గురించి నాకు ఎక్కువ బెంగ.

అమెరికాలో ఉన్న తెలుగు తల్లిదండ్రులకు ఈ ప్రశ్నాపత్రాలు 18 నెలల టీకా రోజున క్లినిక్‌లోనే ఎదురవుతాయి. పిల్లవాడిమీద ముద్ర పడుతుందేమోనని జవాబులు మెరుగుచేసి రాయకండి. మూడేళ్లలోపు బిడ్డను సిఫారసు చేస్తే 45 రోజుల్లోపు పరీక్షించాలని అక్కడి చట్టం చెబుతుంది, ఆ పరీక్షకు డబ్బు తీసుకోరు. ఇంట్లో తెలుగు మాట్లాడటంవల్ల మాటలు ఆలస్యం కావు, మానెయ్యనక్కర్లేదు.

ఇంతా చూశాక నా తీర్పు ఇది. ఊరూరా ప్రశ్నాపత్రాలు పంచి, పేర్లు పెట్టి, జిల్లా కేంద్రానికి చీటీ రాసి పంపే పద్ధతి ఇప్పుడే వద్దు. అక్కడ స్పీచ్ థెరపిస్టు, సైకాలజిస్టు పోస్టులు నిండి, మండలంలో తల్లితో కూర్చుని ఆటలు నేర్పగల మనిషి ఉన్నాకే అది న్యాయం. ఈలోపు చెయ్యదగింది కళ్లముందే ఉంది. 16 నుంచి 24 నెలల మధ్య బూస్టర్ టీకాకు బిడ్డ ఎలాగూ వస్తుంది. ఆశా కార్యకర్త ఇళ్లకు వెళ్లే కార్యక్రమం 3, 6, 9, 12, 15 నెలలతో ఆగిపోతుంది, సరిగ్గా ఈ సమస్యలు కనబడటం మొదలయ్యే వేళకు. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఆ వరసలో 18, 24 నెలలు చేర్చాలి. ఆ రెండుసార్లూ బిడ్డకు చేతనైనదేమిటో, ఇంటివాళ్లకు బెంగ పెట్టేదేమిటో నోటిమాటగా అడగాలి, అనుమానం ఉంటే నెలలోపు మళ్లీ వెళ్లాలి. పుట్టినప్పటినుంచి మూడేళ్లదాకా ఇంట్లో ఆడించవలసిన ఆటలతో కేంద్రం 2024లో నవచేతన అనే మార్గదర్శిని ఇచ్చింది. పరీక్ష లేకుండానే దాన్ని ప్రతి తల్లికీ నేర్పవచ్చు.

ఇంట్లో పసిబిడ్డ ఉన్నవారికి ఒక మాట. ఏడాదిన్నర దాటినా వేలితో చూపించకపోతే, పేరు పిలిచినా తిరగకపోతే, వచ్చిన మాటలు పోతే, ఎంత ఎత్తుకున్నా ఊరట చెందకపోతే, ఎవరితోనూ కలవకుండా ముడుచుకుపోతే, నాలుగు నెలలు చూద్దామని ఆగకండి. చెవి పరీక్ష, రక్తపరీక్ష చేయించి, మీ జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ ఎక్కడుందో అడిగి బిడ్డను తీసుకెళ్లండి. "పెద్దయితే అదే సర్దుకుంటుంది" అని ఎవరైనా పంపించబోతే, బిడ్డను చూసి రాసి ఇవ్వమని అడగండి. అలా అడిగే హక్కు మీకుంది.